ఇంటి కంప్యూటరా, అద్దె సర్వరా: పర్లాకిమిడి డీటీపీ పనికి రెండిటినీ వాడి చూసిన సమీక్ష

పర్లాకిమిడిలో మా దగ్గరకు వచ్చే పెళ్లిపత్రికల్లో చాలావాటికి ఒక వైపు తెలుగు, మరో వైపు ఒడియా ఉండాలి. కూర్పు మా ఇంట్లో, అచ్చు బరంపురంలో. ప్రెస్సులో ప్రూఫు చూస్తుండగా ముహూర్తం వేళో, వియ్యంకుల ఇంటిపేరో దిద్దవలసి వస్తే మూల ఫైలు తెరవడానికి అవే ఫాంట్లు, 2001 నాటి 7.0 తర్వాత కొత్త వెర్షనే రాని, పేజీలు కూర్చే ఆ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కావాలి. అందుకే ఇంటి కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడం, నెట్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండే వేరేవారి కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను, నెల అద్దెకు తీసుకోవడం అనే రెండు పద్ధతులనూ పనిలో పెట్టి చూశాను.

సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్ ఓషన్ సంస్థ వారి అతి చిన్న సర్వర్ అద్దె నెలకు 4 డాలర్లు, పన్ను అదనం. దానికి 512 ఎంబీ మెమరీ, 10 జీబీ డిస్కు ఇస్తారు. అందులో లినక్స్ హాయిగా నడుస్తుంది కానీ విండోస్ పట్టదు. విండోస్ నడిచేంత సర్వర్‌కు అద్దె ఎన్నో రెట్లు పెరగడమే కాక, నా ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు ఉన్న యూఎస్‌బీ డాంగిల్‌ను (లైసెన్సు కోసం గుచ్చి ఉంచాల్సిన చిన్న పరికరం) ఎక్కడో డేటా సెంటర్లో ఉన్న యంత్రానికి గుచ్చే దారి లేదు. కాబట్టి కూర్పు పనికి అద్దె సర్వర్ ఎంత చవకైనా అక్కరకు రాదు. ప్రూఫు పీడీఎఫ్‌లు ఉంచడానికి మాత్రం అది బంగారం: మా వీధిలో కరెంటు లేకున్నా టెక్కలిలోని పెళ్లివారు అర్ధరాత్రి కూడా తెరిచి చూసుకోగలరు. అయితే సర్వర్‌కు నెట్‌లో అందరికీ అందే పబ్లిక్ అడ్రసు వచ్చిన క్షణం నుంచి ఎవరెవరివో బాట్‌లు (తమంతట తాము నడిచే ప్రోగ్రాములు) లాగిన్‌కు వాడే 22వ పోర్టు తలుపు తడుతూనే ఉంటాయి గనుక, పాస్‌వర్డు లాగిన్ మూసేసి ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే (మన కంప్యూటర్‌లో ఉండే రహస్య తాళంచెవి ఫైలు) ప్రవేశించేలా పెట్టుకోవాలి.

ఇంటి వైపు మొదటి అడ్డంకి, బయటి నుంచి ఇంటి కంప్యూటర్‌ను చేరే నెట్ అడ్రసు. రౌటర్‌లో కనిపించే వ్యాన్ (బయటి నెట్ వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ కనెక్షన్ చాలామందితో కలిసి ఒకే పబ్లిక్ అడ్రసు వెనుక ఉన్నట్టు; 2012లో ఆ వరసను ఇందుకే కేటాయించారు. అక్కడ పోర్టు ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రౌటర్ ద్వారా ఇంటి కంప్యూటర్‌కు మళ్లించడం, పనిచేయదు. సొంత అడ్రసు ఉన్నవారు సైతం, అవే బాట్‌ల బెడద వల్ల, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ (కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే సౌకర్యం) వాడే 3389 పోర్టును బయటికి తెరవకూడదు.

గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌కు ఈ అడ్రసు చిక్కు లేదు, ఉచితం కూడా. కానీ అది తెరను వీడియోలా పంపుతుంది గనుక నెట్ మందగిస్తే అక్షరాలు మసకబారి, ‘ద’ కింద ఒత్తు ఉందో లేదో తెలియదు. ప్రూఫు దిద్దేవాడికి ఇంతకంటే పెద్ద లోపం ఉండదు. పైగా నేను చేసేదంతా ఇంటి తెర మీద కనిపిస్తుంది, మౌసు తనంతట తాను కదలడం చూసి మా అమ్మ కంగారుపడింది. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ ఇంటి తెరను మూసి ఉంచుతుంది, అక్షరం కూడా నిలకడగా కనిపిస్తుంది. అయితే ఇంటి కంప్యూటర్‌ను అలా నడపాలంటే దానిలో విండోస్ ప్రో వంటి ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్‌లో ఆ సౌకర్యం లేదు. వైర్‌గార్డ్ అనే గుప్త కనెక్షన్ పద్ధతి ఆధారంగా నడుస్తూ, పోర్టు తెరవకుండానే యంత్రాలను కలిపే టెయిల్‌స్కేల్‌ను రెండు యంత్రాల్లోనూ పెట్టి, దాని మీదుగా రిమోట్ డెస్క్‌టాప్ తెరవడమే నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు.

ఖర్చు లేదనుకోకూడదు. 60 వాట్ల కంప్యూటర్‌ను రాత్రింబవళ్లు వెలిగిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు కాలుతాయి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను లేచేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) సెట్టింగు మార్చాలి, రౌటర్‌కు కూడా యూపీఎస్ ఇవ్వాలి. 2018 అక్టోబరులో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ వంటి తుఫాను వస్తే ఈ జాగ్రత్తలేవీ చాలవు. అందుకే అద్దె సర్వర్‌ను వదులుకోలేదు: రోజూ రాత్రి పేజ్‌మేకర్ ఫైళ్ల నకళ్లు అక్కడికి వెళ్తాయి. ఫోటోషాప్ ఫైళ్లు ఆ 10 జీబీలో ఇమడవు గనుక వాటికి విడిగా ఒక హార్డ్ డిస్కు కొన్నాను.