శ్రీశైలం ఘాట్ కోసం వేయించిన స్లాటెడ్ డిస్కులు: బాగా వాడాక చెప్తున్నా

రేసింగ్ డిస్కులని అమ్మే ఈ గీతల (స్లాటెడ్) బ్రేకు డిస్కులు వేయిస్తే బండి తక్కువ దూరంలో ఆగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక్కసారి గట్టిగా తొక్కితే మామూలు డిస్కు కూడా ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కొట్టుకునేదాకా పట్టేస్తుంది, ఆ తర్వాత ఆపాల్సింది టైరే. తేడా తెలిసేది వెంటవెంటనే పదిహేనోసారో ఇరవయ్యోసారో తొక్కినప్పుడు.

మాది నల్లగొండ. బండి డీజిల్ హ్యాచ్‌బ్యాక్, ముందు వెంటిలేటెడ్ డిస్కులు (మధ్యలో గాలి పోయే సందు ఉన్నవి), వెనక డ్రమ్ము బ్రేకులు. క్లాక్ టవర్ దగ్గర ఆటోల మధ్య తిరగడానికి, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి హైదరాబాద్ పోవడానికి కంపెనీ బ్రేకులే ఎక్కువ. కానీ మా ఇంట్లో శ్రీశైలం మొక్కులు జాస్తి. దేవరకొండ, డిండి మీదుగా పోయి మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో దారంతా హాయిగానే ఉంటుంది, అసలు కథ ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు మొదలవుతుంది. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, మలుపు మలుపుకీ బ్రేకు. కింద డ్యామ్ కనిపించే సరికి పెడల్ గట్టిగానే ఉండేది గానీ ఎంత తొక్కినా పట్టు ఉండేది కాదు, పైగా ముక్కు పగిలే కాలిన వాసన. వెనక సీట్లో అమ్మ శివశివా అనుకుంటుంటే నాకు టెన్షన్.

లెక్క చూస్తే ఇందులో వింతేం లేదు. 100 మీటర్ల ఎత్తు దిగడమంటే, ఇంజిన్ పట్టేది పక్కన పెడితే, 80 స్పీడులో ఉన్న బండిని దాదాపు 4 సార్లు పూర్తిగా ఆపినంత వేడి. బండి బరువు ఎంతైనా ఇదే లెక్క. ఆ వేడంతా పోవాల్సింది ఎక్కువగా ముందున్న రెండు డిస్కుల్లోంచే.

రేసుల వాళ్లకు ఈ తలనొప్పి మనకంటే చాలా ముందే వచ్చింది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని ఒత్తే షూలకు దూరం జరుగుతుంది, అదే డిస్కు ఉబ్బితే రెండు పక్కలా దాన్ని నొక్కే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, పైగా గాలికి బయటే ఉంటుంది. 1953లో లె మాన్ 24 గంటల రేసును జాగ్వార్ సీ-టైప్ డన్‌లప్ డిస్కు బ్రేకులతోనే గెలిచింది, డ్రమ్ముల బండ్లు ముందుగానే బ్రేకు తొక్కాల్సిన చోట అది ఇంకా లోపలిదాకా వెళ్లి తొక్కగలిగింది. 1955లో సిట్రోయెన్ డీఎస్‌కు ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి, ఇక రోడ్డు కార్లు అదే దారి పట్టాయి.

నా దృష్టిలో రేసింగ్ వల్ల మనకు ఒరిగినదాంట్లో పెద్ద వాటా ఈ గీతలది కానే కాదు, వెంటిలేటెడ్ డిస్కు రెండు పలకల మధ్య కనిపించకుండా ఉండే రెక్కలది. చక్రం తిరుగుతుంటే అవి నడిమి నుంచి గాలి లాగి అంచు నుంచి బయటకు తోస్తాయి. మంచి రకాల్లో ఈ రెక్కలు వంపుగా ఉంటాయి, తిరిగే దిశకు వెనక్కి వాలి ఉండాలి, అంటే కుడిది వేరు, ఎడమది వేరు. మొదట బిగించిన షెడ్డులో పైన గీతలు ఎటున్నాయో చూసి రెండూ తారుమారు చేశారు, విప్పించి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది. గీతల వాలు చూసి ఏమీ తేల్చకండి, అంచు దగ్గర టార్చి కొట్టి లోపలి రెక్కలు చూడండి.

మరి గీతలెందుకు? పాతకాలం ప్యాడ్లు కాలినప్పుడు గ్యాసు వచ్చి ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య పొరలా నిలిచేది, దాన్ని బయటకు పంపడానికి. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ తక్కువే. నాకు ఉపయోగపడింది రెండిట్లో: ప్యాడ్ ముఖం అద్దంలా మెరిసిపోకుండా గీత అంచు గీకుతూ ఉంటుంది, వానలో మొదటి తొక్కుకే నీళ్లు తుడుచుకుపోతాయి. సాగర్ రోడ్డు మీద జోరు వానలో ఈ రెండోది బాగా తెలిసింది. రంధ్రాల డిస్కు కూడా అడిగాను, రెండోసారి బిగించిన మెకానిక్ "అన్నా, చూడనీకి మస్తుంటది గని వేడికి రంధ్రం కాడ పగుళ్లు వస్తయ్, నీ ఘాట్‌కు వద్దు" అన్నాడు. కరెక్టే చెప్పాడు.

ఇప్పుడు ఘాట్ దిగాక వాసన లేదు, చివరి మలుపులోనూ మొదటి మలుపులో ఉన్న పట్టే. అయితే ఇందులో డిస్కు వాటా ఎంత, దాంతోపాటే వేయించిన కొత్త ప్యాడ్ల వాటా ఎంత అంటే, సగానికి పైగా ప్యాడ్లదే అంటాను. బ్రేక్ ఆయిల్ కూడా డాట్ 4 రకం కొత్తది పోయించాను. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలదాకా మరగదు గానీ తేమ పీల్చుకున్నాక 155కే మరిగే స్థాయికి రావచ్చు, అప్పుడు పెడల్ మెత్తగా నేలకు పోతుంది. గీతలకు ఖర్చు పెట్టి ఆయిల్ మార్చనివాళ్లను చూశాను, ఏం లాభం.

ఇబ్బందులూ ఉన్నాయి. మెల్లగా ఆపేటప్పుడు ర్‌ర్‌ర్ అని సన్నటి రొద, కిటికీ దించితే బాగా వినిపిస్తుంది. వీల్స్ మీద నల్లటి పొడి ఎక్కువ, ప్యాడ్లు ముందుకంటే త్వరగా అరుగుతున్నాయి. ధర మామూలు జతకు రెట్టింపు పైనే. అరిగిన ముఖం చదును చేయించడానికి లేత్ మీద పెట్టించుకుందామంటే గీతలున్న డిస్కును ముట్టుకోవడానికి లోకల్‌గా ఎవరూ తొందరగా ఒప్పుకోరు.

ఫార్ములా వన్ కార్బన్ డిస్కులు మన కార్లకు ఎప్పుడని అడిగే కుర్రాళ్లకు: అవి కొన్ని వందల డిగ్రీలు వేడెక్కితే గానీ సరిగా పట్టవు, క్లాక్ టవర్ సిగ్నల్ దగ్గర వాటితో పనికాదు. రోడ్డుకు సరిపడేలా చేసిన కార్బన్ సిరామిక్ వేరే సంగతి, 2001లోనే పోర్షే 911 జీటీ2కు వచ్చింది, ఇనుముకంటే సగం బరువు, ధర మాత్రం నా బండి ధరతో పోల్చుకోవాల్సిందే.

ఘాట్ రోడ్లు ఎక్కనివాళ్లకు మామూలు వెంటిలేటెడ్ డిస్కు, మంచి ప్యాడ్లు చాలు. నేను మాత్రం అరిగాక మళ్లీ గీతలవే వేయిస్తా, ఈసారి ఆ రొద తక్కువ చేసే ప్యాడ్ ఏదైనా దొరుకుతుందేమో చూడాలి. ఇప్పటికీ దిగేటప్పుడు రెండో గేరే, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోను.