అతుకుల బొంతలకు ఏ కుట్టుమిషను మేలు?

కొన్ని చిన్న బొంతలు కుట్టి, పని మీద ఇష్టం కుదిరిన తరువాత, చేతిలో ఉన్న మిషను ఇక చాలదేమోనన్న అనుమానం సహజంగానే మొదలవుతుంది. కొత్త మిషను కోసం ప్రకటనలు తిరగేస్తే అన్నిటికన్నా ముందు కనబడేది అది వేయగల కుట్ల రకాల సంఖ్య. కానీ అతుకుల బొంతలో ముక్కలను జతచేయడానికీ, పైబట్ట, దూది, అడుగుబట్ట అనే మూడు పొరలను కలిపి కుట్టడానికీ, చివర అంచుపట్టీ వేయడానికీ వాడేది చాలావరకు సాదా కుట్టే. అందుకని ఈ పోలికలో కుట్ల సంఖ్యను పక్కన పెట్టి రెండు ప్రశ్నలనే కొలబద్దగా తీసుకుంటున్నాను: బట్ట అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే పావు అంగుళం మార్జిన్‌ను మిషను ఎంత నిలకడగా పాటిస్తుంది? బరువైన బొంతను సూది చుట్టూ తిప్పుకోవడానికి ఎంత చోటు ఇస్తుంది? డయల్‌తో నడిచే మామూలు మెకానికల్ మిషను, బటన్లూ తెరా ఉన్న ఎలక్ట్రానిక్ మిషను, సాదా కుట్టు ఒక్కటే వేసే వేగవంతమైన మిషను అనే మూడు రకాలనూ ఈ రెండు ప్రశ్నల మీదే తూచి చూద్దాం.

ముందుగా మార్జిన్ సంగతి. పావు అంగుళమంటే ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైన. ఒక వరుసలో 8 ముక్కలుంటే వాటి మధ్య 7 కుట్లు పడతాయి. ప్రతి కుట్టూ ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిగిందంటే, అటు ముక్కలో ఒకటి, ఇటు ముక్కలో ఒకటి చొప్పున 2 మిల్లీమీటర్లు తగ్గుతాయి. వరుస పూర్తయ్యేసరికి 14 మిల్లీమీటర్లు మాయమవుతాయి. పక్క వరుస సరిగ్గా వచ్చి ఉంటే ఈ రెండింటి మూలలు ఎంత లాగినా కలవవు. కొత్తగా కుట్టేవారు దీన్ని తమ చేతివాటం లోపమనుకొని బాధపడతారు గాని, చాలాసార్లు కారణం మిషను అడుగున ఉంటుంది. వెడల్పు జిగ్‌జాగ్ వేయగల మిషన్లలో సూది దిగే పలక రంధ్రం కూడా వెడల్పుగా ఉంటుంది, కాబట్టి త్రికోణపు ముక్క మొన దగ్గర కుట్టు మొదలుపెట్టగానే బట్ట ఆ రంధ్రంలోకి దిగిపోయి నలుగుతుంది. 9 మిల్లీమీటర్ల వెడల్పు కుట్టు వేసే మిషన్లలో బట్టను లాగే పళ్ళ వరుసలు కూడా దూరదూరంగా ఉండటంతో, బట్టను పైనుంచి అదిమిపట్టే సన్నని పావు అంగుళం ఫుట్ కుడివైపు పళ్ళను పూర్తిగా కప్పలేక, బట్ట ఒక పక్కకు ఒరుగుతుంది. అలంకార కుట్లకు వరమైన ఆ వెడల్పే ముక్కలు జతచేసే పనికి అడ్డు అవుతుంది. సాదా కుట్టుకు మాత్రమే పనికొచ్చే ఒంటి రంధ్రం పలకను విడిగా తెచ్చి బిగిస్తే ఈ ఇబ్బందిలో పెద్ద భాగం తీరుతుంది. మీరు చూస్తున్న మోడల్‌కు అది దొరుకుతుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ ఒక్క విషయంలో సాదా కుట్టు మిషన్లదే పైచేయి. జూకీ టీఎల్-2010క్యూ, బ్రదర్ పీక్యూ1500ఎస్ఎల్ ఈ కోవలోవి. సూది ఒకే చిన్న రంధ్రంలో దిగుతుంది కాబట్టి మొనలు నలగవు, కుట్టు గీత గీసినట్టు వస్తుంది, నిమిషానికి 1500 కుట్ల వరకు వేగం అందుతుంది. నిజానికి ఆ వేగం కొత్తవారికి అవసరం లేదు. అంత పని చేయగల మోటారు నెమ్మదిగా నడిచినప్పుడు కూడా మందమైన పొరలను తడబడకుండా గుచ్చుకుపోవడమే అసలు లాభం. వీటికీ లోటుపాట్లున్నాయి. జిగ్‌జాగ్ లేదు గనుక బట్ట మీద ఆకులూ పువ్వులూ అతికి వాటి అంచులు కుట్టే అప్లిక్ పనిని వీటితో మామూలు పద్ధతిలో చేయలేము. సూదిని వెంట్రుకవాసి కుడికో ఎడమకో జరిపి మార్జిన్ సరిచేసుకునే వీలు కూడా ఉండదు. అడుగు దారం చుట్టిన బాబిన్‌ను పక్కనుంచి పెట్టాల్సి రావడంతో, పెద్ద బొంత మధ్యలో దారం అయిపోతే ఎడమవైపు పరుచుకున్న బట్టంతా పైకెత్తి మార్చుకోవాలి.

మెకానికల్ మిషను ముక్కలు జతచేసే వరకు చక్కగా సరిపోతుంది. దాని ఇబ్బంది పొరలు కలిపి కుట్టేటప్పుడు బయటపడుతుంది. ప్రతి రెండు మూడు అంగుళాలకూ ఆగి చేతులు జరుపుకునే పని అది. ఆగినప్పుడు సూది బట్టలోనే దిగి ఉండకపోతే బొంత బరువుకు వరుస పక్కకు జరిగి, మళ్ళీ మొదలైన చోట మెలిక కనిపిస్తుంది. మెకానికల్ మిషను సాధారణంగా సూదిని ఎక్కడపడితే అక్కడ ఆపుతుంది కాబట్టి ప్రతిసారీ చేతిచక్రం తిప్పి దించాలి. ఎలక్ట్రానిక్ మిషనులో ఒక బటన్ నొక్కి పెడితే సూది ఎప్పుడూ కిందనే ఆగుతుంది. గరిష్ఠ వేగాన్ని కూడా ముందే కట్టడి చేసుకోవచ్చు. నా దృష్టిలో రెండు వందల అలంకార కుట్ల కన్నా ఈ రెండు సదుపాయాల విలువ ఎక్కువ. మరమ్మతు మాటకొస్తే మెకానికల్ మిషనుదే మొగ్గు: సర్క్యూట్ బోర్డు పాడైతే ఆ తయారీదారు దగ్గర విడిభాగం దొరకడం మీదే ఎలక్ట్రానిక్ మిషను ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

ఇక చోటు. ఇళ్ళలో వాడే చిన్న మిషన్లలో సూదికి కుడివైపు, మిషను చేయి కింద ఉండే ఖాళీ ఆరేడు అంగుళాలకు మించదు. 90 అంగుళాల వెడల్పు బొంత మధ్య గీత కుట్టాలంటే 45 అంగుళాల బట్టను, లోపలి దూది పొరతో సహా, చుట్టచుట్టి ఆ ఇరుకులో దూర్చాలి. చుట్ట మిషను ఒంటికి రాసుకుంటూ బట్టను వెనక్కి లాగడంతో కుట్ల పొడవు ఒకచోట చిన్నదిగా, ఒకచోట పెద్దదిగా వస్తుంది, భుజాలు నొప్పెడతాయి. సాదా కుట్టు మిషన్లలో ఈ ఖాళీ దాదాపు 9 అంగుళాలు. పెద్ద ఎలక్ట్రానిక్ మోడళ్ళలో 11 అంగుళాల దాకా ఉంటుంది. ఆ రెండు మూడు అంగుళాల తేడా కాగితం మీద చిన్నదే గాని, పెద్ద బొంతను పూర్తి చేస్తారా, సగంలో మడిచి పెడతారా అన్నది తరచు అక్కడే తేలుతుంది. ఒళ్ళో పట్టే చిన్న బొంతలతోనే తృప్తిపడేవారు దీనికోసం డబ్బు వెచ్చించనక్కరలేదు.

పై పొర కింది పొరతో సమానంగా కదలాలంటే వాకింగ్ ఫుట్ కావాలి. అది మూడు రకాలకూ బిగించుకోవచ్చు. ఫాఫ్ సంస్థ 1968 నుంచి కొన్ని మిషన్లలో పై బట్టను లాగే ఏర్పాటును లోపలే అమరుస్తోంది, అది ఇంకా సుఖం. బొంతను చేతులతో ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ తీగలూ వంపులూ కుట్టదలచుకుంటే పళ్ళు కిందికి దించే మీట ఉంటే సౌకర్యం. 1933లో వచ్చిన సింగర్ 221, బరువు సుమారు 5 కిలోలే కావడంవల్లా, సాదా కుట్టు అందంవల్లా, నేటికీ ముక్కలు జతచేసేవారికి ప్రియమైనదే; కాని దాని పళ్ళు దిగవు, చేయి కింద చోటూ తక్కువ. దాన్ని రెండో మిషనుగా ఉంచుకోవడమే మంచిది.

ఒకే ఒక మిషను కొనేవారికి నేను చెప్పేది ఎలక్ట్రానిక్ రకం, అదీ తక్కువ కుట్లతో, కనీసం 8 అంగుళాల ఖాళీతో, ఫుట్ ఒత్తిడిని సవరించుకునే వీలుతో ఉన్నది. జిగ్‌జాగ్ వేసే పాత మిషను ఇంట్లో ఇప్పటికే ఉంటే దాన్ని అమ్మకుండా అప్లిక్‌కు అట్టిపెట్టుకొని, పక్కన సాదా కుట్టు మిషను చేర్చుకోవడం అంతకన్నా మేలు.

ఏది ఎంచుకున్నా దుకాణానికి సొంత బట్ట తీసుకువెళ్ళండి. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు, పావు అంగుళం మార్జిన్‌తో జతచేసి ఇస్త్రీ చేశాక మొత్తం వెడల్పు సరిగ్గా మూడున్నర అంగుళాలు, మధ్య పట్టీ ఒక అంగుళం రావాలి. తరువాత దూది పొర పెట్టిన మూడు పొరల ముక్కను నెమ్మదిగా కుట్టి, తిరగేసి అడుగు బట్ట చూడండి. అక్కడ దారం ఉచ్చులు ఉచ్చులుగా పడితే దారం సరిగ్గా ఎక్కించారో లేదో చూసి, బిగువు సవరించి మరోసారి కుట్టమనండి. అప్పటికీ మారకపోతే ఆ మిషను వద్దు.