‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’: ముందు సినిమా, తర్వాత నవల

ఉంబెర్టో ఎకో నవల ఇటాలియన్‌లో 1980లో వచ్చింది. మనలో చాలామంది చదివేది 1983లో వచ్చిన విలియం వీవర్ ఇంగ్లీషు అనువాదం. ఝాన్-ఝాక్ అనో సినిమా 1986 నాటిది. కథ రెండింట్లోనూ ఒకటే. 1327 నవంబరు, ఉత్తర ఇటలీ కొండల్లో పేరు చెప్పని ఒక బెనెడిక్టైన్ శాఖ క్రైస్తవ మఠం, ఏడు రోజులు, ఒకదాని వెనక ఒకటిగా చావులు. విచారించేది బాస్కర్‌విల్ విలియం అనే ఫ్రాన్సిస్కన్ శాఖ సన్యాసి, వెంట అడ్సో అనే కుర్రాడు. బాస్కర్‌విల్ అన్న ఊరిపేరు చూడగానే ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ గుర్తొస్తాడు, రావాలనే ఎకో పెట్టాడు. హంతకుడి పేరు ఇక్కడ బయటపెట్టను. ముగింపుల్లో తేడా మాత్రం చెప్పక తప్పదు, అదీ వద్దనుకునేవాళ్లు సినిమా చూసొచ్చి చదవండి.

ఏది ముందు అన్న ప్రశ్నకి నా ఓటు సినిమాకే. హంతకుడెవరో ముందే తెలిసినా ఈ నవలకి పెద్ద నష్టం లేదు. పాఠకుణ్ణి ఓడించేది మొదటి వంద పేజీలు. వాటిని కుదించమని ప్రచురణసంస్థ వైపు నుంచి సలహా వస్తే ఎకో ఒప్పుకోలేదు. మఠంలో ఏడు రోజులు ఉండదలచినవాడు మఠం నడకకి అలవాటు పడాల్సిందే, ఆ పేజీలు ఒకరకం ప్రాయశ్చిత్తం అని తర్వాత రాశాడు. సినిమా చూసినవాడికి వంటశాల ఎక్కడ, గ్రంథాలయం ఏ అంతస్తులో, బెరెంగార్ ఎవరు, మలాకి ఎవరు అన్నది ముఖాలతో సహా మనసులో ఉంటుంది. పుస్తకంలో సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

ముఖాల విషయంలో సినిమాకి తిరుగులేదు. రాతి శిల్పాల్లోంచి లేచొచ్చినట్టుండే సన్యాసులు, రాన్ పెర్ల్‌మన్ వేసిన గూని సాల్వతోరె, మైకేల్ లోన్స్‌డేల్ మఠాధిపతి. వంటశాల చెత్త కొండమీంచి కిందికి జారిస్తే పేదలు మంచులో ఎగబడి ఏరుకునే షాటు ఒక్కటి చాలు, మఠానికీ ఊరికీ ఉన్న సంబంధం అర్థం కావడానికి. ఆ పని ఎకోకి పేజీలు పట్టింది. లోపలి దృశ్యాలు చాలావరకు జర్మనీలోని ఎబెర్‌బాఖ్ మఠంలో తీశారు, బయటి కట్టడం రోము దగ్గర వేసిన సెట్టు. ఆ చలి, ఆ చీకటి నమ్మించేలా ఉంటాయి. విలియంగా షాన్ కానరీకి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్తాల్లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

అసలు తేడా విలియం బుర్రలో ఉంది. నవల మొదట్లో అతను మఠం వాళ్లు వెతుకుతున్న గుర్రాన్ని చూడకుండానే ఎటు పోయిందో, ఎలా ఉంటుందో, దాని పేరు బ్రునెల్లస్ అనీ చెప్పేస్తాడు. మంచుమీద గిట్టల గుర్తులు, విరిగిన కొమ్మలు, ముళ్లకి చిక్కిన వెంట్రుకలు చూసి. సినిమాలో దాని బదులు అడ్సోకి మరుగుదొడ్డి ఎక్కడుందో చెప్తాడు, ఒక సన్యాసి హడావుడిగా వెళ్లి తాపీగా రావడం గమనించి. నవ్వొస్తుంది, నిమిషంలో పాత్ర పరిచయం అయిపోతుంది. కానీ గుర్రం ఘట్టంలో ఎకో మరో సంగతి నాటుతాడు: గుర్తులు చూసి ఊహించడం వేరు, తెలియడం వేరు. నవలంతా ఆ సందేహం మీదే నిలబడింది.

ఆ సందేహం ఎంతదూరం పోతుందంటే, చావులు బైబిలు చివరి గ్రంథంలోని ఏడు బాకాల (ఒక్కో బాకా మోగగానే ఒక్కో ఉపద్రవం) వరసలో జరుగుతున్నాయని నవలలో విలియం నమ్మడం మొదలుపెడతాడు. వడగళ్లు, రక్తం, నీళ్లు... లెక్క సరిపోతూనే ఉంటుంది. చివరికి తేలేదేమిటంటే అలాంటి పథకం ఎవరూ వేయలేదు. మొదటి చావు హత్యే కాదు. తప్పుడు సిద్ధాంతం పట్టుకుని నడిచి సరైన గుమ్మం ముందు తేలాడు, అంతే. ఇంకా దారుణం, అందరూ వెతుకుతున్న గ్రీకు పుస్తకం ఐదో రోజు మూలికల వైద్యుడు సెవెరీనస్ గదిలో వాళ్ల చేతికే వస్తుంది. తెరిస్తే అరబ్బీ లిపి కనిపిస్తుంది, పక్కన పెట్టేస్తారు. ఒకే అట్టలో నాలుగు రకాల రచనలు కుట్టి ఉంటాయన్న సంగతి ఆలస్యంగా తడుతుంది. సినిమాలో ఏడు బాకాల మాట సన్యాసుల్ని భయపెట్టడానికి పనికొస్తుందే తప్ప విలియంని తప్పుదారి పట్టించదు. అక్కడతను మామూలు గెలిచే డిటెక్టివే.

గ్రంథాలయం చూడండి. నవలలో అది ఒకే అంతస్తు, 56 గదులు. నాలుగు బురుజుల్లోనూ ఒక్కో ఏడుగోడల గది, మిగతా 52 దాదాపు చతురస్రాలు. వాటిలో 28కి బయటి కిటికీలు, 16కి కట్టడం మధ్య బావిలా ఖాళీగా వదిలిన చోటువైపు కిటికీలు, ఎనిమిదికి కిటికీలే లేవు. విలియం దీన్ని లోపల తిరిగి కాదు, బయట నిలబడి కట్టడాన్ని లెక్కగట్టి గీస్తాడు. గది ద్వారాల మీది లాటిన్ వాక్యాల మొదటి అక్షరాలు కలిపితే దేశాల పేర్లొస్తాయి, ఆ దేశాల పుస్తకాలు ఆ గదుల్లో ఉంటాయి. సినిమాలో అదే గ్రంథాలయం నిలువునా లేచి, మెట్ల మీద మెట్లతో పద్మవ్యూహంలా ఉంటుంది. అడ్సో దారం విప్పుకుంటూ దారి గుర్తుపెట్టుకుంటాడు. డాంటే ఫెరెట్టీ కళాదర్శకత్వం కళ్లు తిప్పుకోనివ్వదు, ఒకేలా ఉన్న 56 గదుల్ని తెరమీద చూపిస్తే ప్రేక్షకుడు నిద్రపోయేవాడన్నదీ నిజమే. అయితే చిక్కు విప్పే ఆనందం మాత్రం పుస్తకంలోనే ఉంది.

గ్రంథాలయంలోని రహస్య గది తాళం సంగతీ అంతే. ‘నాలుగులో మొదటిదీ ఏడోదీ నొక్కు’ అని రహస్య లిపిలో రాసిన సూచన. నాలుగులో ఏడోది ఎక్కడుంటుంది? లాటిన్‌లో నాలుగు అంటే ‘క్వాత్వోర్’, ఏడక్షరాల మాట. ఆ గదికి తలుపుగా ఉన్న అద్దం పైనున్న వాక్యంలో ఆ మాట మొదటి, చివరి అక్షరాలు నొక్కాలి. నవలలో ఇది తట్టేది ఆరో రోజు రాత్రి గుర్రాలశాలలో. సాల్వతోరె వచ్చీరాని లాటిన్‌లో ‘మూడో గుర్రం’ అనబోయి ‘గుర్రంలో మూడోది’ అన్నాడని అడ్సో జోకు వేస్తే విలియం ఎగిరి గంతేస్తాడు. నాలుగు అంటే అంకె కాదు, మాట! సినిమాలో ఈ మలుపంతా చాలా కురచ.

ముగింపు దగ్గర నాకు సినిమా మీద కోపం. చేతబడి నేరం మోపిన పల్లెపిల్లని నవలలో ఇన్‌క్విజిటర్, అంటే మతద్రోహాల్ని విచారించే చర్చి అధికారి, బెర్నార్ గీ పట్టుకుపోతాడు, ఇక ఆమెకి మంటే గతి. విలియం కూడా ఏమీ చేయలేడు. సినిమాలో ఊరివాళ్లు తిరగబడతారు, పిల్ల బతుకుతుంది, బెర్నార్ బండితో సహా కొండమీంచి పడి చస్తాడు. బెర్నార్ గీ చరిత్రలో ఉన్న మనిషి. 1331లో బిషప్ హోదాలో మామూలుగా పోయాడు. అలాంటివాళ్లు అలాగే పోతారన్నదే ఎకో లెక్క. మన థియేటర్లో ఈల వేయించే ముగింపు ఈ కథకి పెట్టడం అన్యాయం. టైటిల్స్‌లో తమది నవల మీద రాసిన ‘పాలింప్సెస్ట్’, అంటే చెరిపి మళ్లీ రాసిన తోలుపత్రం, అని ఒప్పుకున్నారు గనక మోసం అనలేం.

పుస్తకం పట్టేవాళ్లకి కొన్ని సూచనలు. మొదట్లో ఉన్న మఠం నక్షాకి ఒక కాగితం గుర్తు పెట్టుకోండి, పదేపదే అవసరమవుతుంది. అధ్యాయాలు ప్రార్థన వేళల పేర్లతో ఉంటాయి. మాటిన్స్ తెల్లవారుజామున, కాంప్లిన్ పడుకునేముందు, ఈ రెండూ తెలిస్తే మధ్యవి అర్థమవుతాయి. మొదటి రోజు గుడి ద్వారం వర్ణన తొలిసారి పైపైన చూసి వెళ్లిపోవచ్చు. క్రీస్తుకి సొంత ఆస్తి ఉందా లేదా అన్న ఐదో రోజు వాదన మాత్రం వదలొద్దు. పోప్ 22వ జాన్‌కీ, క్రీస్తుకి సొంత ఆస్తి లేదనే ఫ్రాన్సిస్కన్లకీ గొడవ ఏమిటో తెలియకపోతే విలియం ఆ మఠానికి ఎందుకొచ్చాడో కూడా తెలియదు, సినిమా తేల్చేసింది దీన్నే. ఆరో రోజు అడ్సో కలని సోదిలా అనిపించినా చదవండి, అందులో ఆధారం ఉంది. లాటిన్ వాక్యాలకి అర్థం చెప్పే ‘కీ టు ది నేమ్ ఆఫ్ ది రోజ్’ అనే పుస్తకం 1987లో వచ్చింది, దొరికితే పక్కన పెట్టుకోండి. దొరక్కపోయినా కథ ఆగదు.

2019లో జాన్ టుర్టూరోతో ఎనిమిది భాగాల సిరీస్ కూడా వచ్చింది. రాజకీయాలకి సినిమాకంటే చోటిచ్చారు గానీ చర్చికి ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకున్న డోల్చినోకి నవలలో లేని కూతుర్ని కల్పించి పగ తీర్చుకోవడానికి దింపారు. సినిమా, నవల రెండూ అయ్యాక ఖాళీ ఉంటే చూడండి.