నూలుతో అల్లిన రొమ్ము: జాకెట్లు కుట్టే మనిషిగా నా రివ్యూ

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు బ్రాలో పెట్టుకునే నూలు అల్లిక పీసు గురించి ఈ రివ్యూ. ఏడాది పైగా రోజూ వాడుతున్నాను. పాలకొల్లులో జాకెట్లు కుట్టడం నా పని. ఒంటి మీద ఏది ఎలా కూర్చుంటుంది, ఏ కుట్టు ఎక్కడ ఒరుసుకుంటుంది, పైట కింద ఏది బయటపడుతుంది అన్నవి నా కంటికి తొందరగా ఆనతాయి. నాకు అవసరం పడినప్పుడు ఇవి చెప్పేవాళ్లు ఏ షాపులోనూ దొరకలేదు. తోటి పేషెంట్లే చెప్పారు. వాళ్ల దగ్గర తెలుసుకున్నవీ, నేను వాడి చూసినవీ కలిపి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో, పనిలో రోజూ పెట్టుకోవడానికి సిలికాన్ పీసు కంటే ఇదే హాయి. ముఖ్యంగా మన ఎండలకి. అయితే అందరికీ సరిపడదు, ఎవరికి సరిపడదో కింద రాశాను.

నాకు కుడివైపు తీశారు. చీర కట్టేవాళ్లకి కుడికీ ఎడమకీ చాలా తేడా ఉంటుంది. పైట ఎడమ భుజం మీదికి పోతుంది కాబట్టి ఎడమవైపు తీసినవాళ్లకి కొంత మరుగు దొరుకుతుంది. కుడివైపు అయితే కుచ్చిళ్లు పెట్టి పిన్ను పెట్టగానే ఖాళీ జాకెట్టు ముడతలు పడి కనబడుతుంది. పైట సింగిల్‌గా వదిలేస్తే దాగుతుంది గానీ మిషను దగ్గర కూర్చునేవాళ్లకి అది కుదరదు, జారి సూది కిందికి వచ్చేస్తుంది. మొదట్లో చేతిరుమాళ్లు మడిచి పెట్టుకున్నాను. మధ్యాహ్నానికల్లా అవి చంకలోకి జరిగిపోయేవి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే జాకెట్టు సర్దుకోవాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది.

గాయం మానాక ప్రొస్థెసిస్ (కృత్రిమ రొమ్ము) పెట్టుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఒక సర్జికల్ షాపుకి వెళ్తే కౌంటర్లో ఉన్నవాళ్లంతా మగపిల్లలే. వేసుకుని చూసుకోవడానికి చోటు లేదు. ప్యాకెట్ విప్పితే వెనక్కి తీసుకోం అన్నారు. ధర 8 వేలు చెప్పారు. కొనకుండా వచ్చేశాను. రొమ్ము కోల్పోయిన మనిషి వచ్చి అడిగే వస్తువుని కనీసం ఒక ఆడమనిషి చేత చూపించాలని ఆ షాపువాళ్లకి తోచకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తర్వాత హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు అలాంటి సిలికాన్ పీసే ఒకటి కొని పంపింది. అందుకే రెండింటినీ పోల్చి చెప్పగలుగుతున్నాను.

నూలు పీసు నాకు ఇచ్చింది నరసాపురం వైపు అక్క ఒకావిడ. విశాఖలో కీమోకి వెళ్తున్నప్పుడు పరిచయం. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా, బెడ్డు ఖాళీ అయ్యేదాకా బల్లల మీద గంటల తరబడి కూర్చోవాలి కదా, ఆ టైములో మాకు తెలియాల్సినవన్నీ తెలిసేవి. ఎర్రగా ఉండే కీమో మందు ఎక్కించాక నోరు పూస్తే ఏం తినాలి, జుట్టు ఊడకముందే కత్తిరించుకుంటే మనసుకి ఎంత తేలిక, ఆపరేషన్ అయిన వైపు చేతికి వీలైనంతవరకు బీపీ పట్టీ కట్టించుకోకపోవడం మంచిది, ఇవన్నీ. ఆ అక్క మాత్రం ఎప్పుడూ ఏదో అల్లుతూ ఉండేది. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఇళ్లలో వాళ్లదీ ఒకటి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల వేళ్లు తిమ్మిరెక్కి సన్న లేసు అల్లడం ఆవిడకి కుదరకుండా పోయింది. చేతులు ఊరికే ఉంచలేక లావు దారం, లావు కొక్కెం సూది పట్టుకుంది. ఈ పీసు అల్లే పద్ధతి కూతురు ఫోన్‌లో చూపించిందట.

ఆ పద్ధతి వచ్చింది అమెరికా నుంచి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో బార్బరా డెమోరెస్ట్ అనే ఆవిడ, తనకి రొమ్ము తీసేశాక స్నేహితురాలు అల్లి ఇచ్చిన పీసు చూసి, 2011లో నిటెడ్ నాకర్స్ పేరుతో ఈ పని మొదలుపెట్టారు. అల్లే పద్ధతిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అల్లినవి కూడా ఉచితంగానే ఇస్తారు. మన దేశంలో ముంబైకి చెందిన సాయిషా ఇండియా ఫౌండేషన్ కూడా అడిగినవాళ్లకి డబ్బు తీసుకోకుండా ఇలాంటివి అందిస్తుంది. దగ్గర్లో అల్లేవాళ్లు లేనివాళ్లు అక్కడ అడగొచ్చు. నా పీసు మాత్రం అచ్చంగా మన గోదావరి జిల్లా చేతి పని.

నేను చేతిరుమాలు సర్దుకోవడం అక్క చూసింది. "ఏ వైపు తీశారమ్మా? కరెంటు పెట్టేశారా? బ్రా నంబరెంత?" అని వరసగా అడిగింది. కరెంటు అంటే రేడియేషన్. తర్వాత బాత్రూమ్ దగ్గరికి తీసుకెళ్లి, తన జాకెట్టులోంచి పీసు తీసి నా చేతిలో పెట్టేసింది. "పట్టుకు చూడు. మన మధ్య సిగ్గేంటి?" అంది. ఇంకా ఒంటి వేడి తగ్గలేదు. అటూ ఇటూ తిప్పి చూశాను, నొక్కి చూశాను, వెనకవైపు దారం ముడి ఎక్కడ పడిందో చూశాను. మూడు వారాల తర్వాత కీమోకి వెళ్తే నాది తయారుగా ఉంది.

ఇక పీసు సంగతి. నడిమధ్య చిన్న సున్నా చుట్టి, అక్కడి నుంచి వరసకి కొన్ని చొప్పున అల్లికలు పెంచుకుంటూ గుండ్రంగా వస్తారు. కావాల్సిన వెడల్పు వచ్చాక పెంచడం ఆపి కొన్ని వరసలు నిలువుగా అల్లుతారు, దాంతో గిన్నె ఆకారం వస్తుంది. నడిమి సున్నా దగ్గర చిన్న బుడిపె వదిలితే అదే చనుమొన. అది వద్దనేవాళ్లకి చదునుగా అల్లుతారు. వెనకవైపు అల్లికలు తగ్గించుకుంటూ వచ్చి, చివర దారంతో బొందులాగా మూస్తారు. ఆ బొందు విప్పితే లోపలి దూది తీయొచ్చు, కలపొచ్చు. దూది అంటే బొమ్మల్లో కూరే పాలియెస్టర్ దూది. దిండు దూది పెడితే తడిసి గడ్డకడుతుంది. ముందు వైపు కంటే వెనక వైపు అల్లిక బిగువుగా, చదునుగా ఉండటం నాకు బాగా నచ్చింది. ఆపరేషన్ గీత మీద ఆనేది అదే కాబట్టి అక్కడ ముడి ఉండకూడదు. అక్క ముడిని పక్కకి, చంక వైపు కాకుండా కింది అంచుకి తెచ్చి లోపలికి దూర్చింది. తనకి అక్కడ గీత ఉన్న మనిషి కాబట్టే ఆ ఆలోచన వచ్చింది.

దారం గురించి కూడా చెప్పాలి. మొదట ఆవిడ ఇంట్లో మిగిలిన లేసు దారంతోనే అల్లి చూసిందట. లేసు దారం గట్టిగా మెలిపెట్టి ఉంటుంది, మెరుపు వస్తుంది గానీ గీత మీద గరుకుగా తగులుతుంది. అది పక్కన పెట్టేసి మెత్తటి కాటన్ దారానికి మారింది. మీరు ఎవరి చేతైనా అల్లించుకుంటే దారపు ఉండను బుగ్గకి కాదు, మెడ కింద చర్మానికి రాసి చూడండి. అక్కడ గుచ్చుకోకపోతే గీత మీదా గుచ్చుకోదు. ఊలు వద్దు.

మా వీధి కొట్టులో కాటా మీద పెట్టి చూశాను. నూలు పీసు 45 గ్రాములు, చెల్లెలు పంపిన సిలికాన్ పీసు 400 దాటింది. మే నెలలో మిషను దగ్గర కూర్చుంటే సిలికాన్ కింద చెమట పట్టి, కరెంటు పెట్టిన చోట చర్మం ఎర్రబడేది. నూలు పీసుతో ఆ బాధ లేదు. చెమట పీల్చుకుంటుంది, గాలి ఆడుతుంది. కానీ బరువు లేకపోవడం వల్లనే దీనికి ఒక చిక్కు ఉంది. చెయ్యెత్తితే బ్రాతో పాటు పైకి లేస్తుంది. పై అరలోంచి బట్టల మూట దించాక అద్దంలో చూసుకుంటే కుడివైపు ఎత్తుగా, ఎడమవైపు కిందుగా ఉండేది.

దీనికి నేను రెండు పనులు చేశాను. బ్రా లోపలి వైపు పాత పంచె ముక్కతో పాకెట్టు కుట్టాను. మూతి చంక వైపు ఉంచి, కింది అంచు ఎలాస్టిక్‌తో కలిపి కుట్టాలి. తర్వాత చేపల తొట్టెలో వేసే చదునైన గాజు రాళ్లు కొన్ని చిన్న గుడ్డ సంచిలో వేసి, పీసు లోపల కింది భాగంలో దూది మధ్య పెట్టాను. ఇప్పుడు కదలదు. ఉతికేటప్పుడు ఆ సంచి తీసేయాలి.

తక్కిన లోపాలు కూడా చెప్తాను. వానాకాలంలో ఒక పట్టాన ఆరదు, కనీసం రెండు ఉండాలి. సబ్బు నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో నొక్కి నీడన ఆరేయాలి. దండెం మీద వేలాడదీస్తే సాగుతుంది. కొన్ని నెలలకి దూది ఒక పక్కకి చేరుతుంది, బొందు విప్పి వేళ్లతో విడదీసి మళ్లీ కూరుకోవాలి. పల్చటి జార్జెట్ జాకెట్టులోంచి అల్లిక గీతలు కనబడతాయి, లైనింగ్ తప్పదు. రంగు కూడా అంతే. దొరికేదంతా గంధం రంగు, గులాబీ రంగు దారమే. నాలాంటి చామనచాయ వాళ్లకి కలవదు. లోపల ఉండేదే అయినా, అద్దం ముందు నిలబడినప్పుడు ఒంటి రంగులో ఉండాలని కోరుకోవడంలో తప్పేం లేదు. అక్కతో చెప్పాను, కాఫీ రంగు దారం కోసం వెతుకుతోంది.

ఎవరికి సరిపడదంటే, రొమ్ములు బాగా పెద్దవిగా ఉండి ఒకవైపే తీసినవాళ్లకి. రెండు వైపులా బరువు తేడా ఎక్కువైతే భుజం ఒరిగిపోయి మెడ, వీపు నొప్పి పెడతాయి. అలాంటివాళ్లు డబ్బు కూడబెట్టుకునైనా బరువుకి బరువు సరిపోయే సిలికాన్ పీసు తీసుకోవడం మంచిది. మా తోటి పేషెంటు ఒక పిన్నిగారు బయటికి వెళ్లేటప్పుడు సిలికాన్, ఇంట్లో నూలు పీసు వాడతారు. నేను పెళ్లిళ్లకి పట్టుచీర కట్టినప్పుడు మాత్రం సిలికాన్ పెడతాను, బరువు చీర కింద అది బాగా నిలబడుతుంది. ఏదైనా సరే, నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ పైపు తీసి, కుట్లు మాని, డాక్టరు సరే అన్న తర్వాతే. కరెంటు పెడుతున్న రోజుల్లో అయితే ఆ డిపార్టుమెంటులో అడక్కుండా ఏదీ పెట్టుకోవద్దు.

ధర దగ్గరికి వస్తే, అక్క డబ్బు ముట్టుకోదు. తీసుకున్నవాళ్లు ఇంకొకరికి సరిపడా దారం కొని ఇస్తారు, అదే లెక్క. నేను దారంతో పాటు పాకెట్లు కుట్టి ఇస్తున్నాను. పీసు తీసుకున్నవాళ్లు బ్రాలు నాకు పంపుతారు. కొందరు జాకెట్లు కూడా కుట్టించుకుంటారు. వీళ్లకి వెనక హుక్కులు పెట్టను, చెయ్యి వెనక్కి తిరగదు. ముందు హుక్కులే. మెడ కాస్త పైకి, చంక వదులుగా, తీసిన వైపు డార్టు (ఛాతీ ఎత్తు కోసం వేసే మడత కుట్టు) లోతు తగ్గించి కుడతాను.

వీళ్ల కొలతలు రాసేటప్పుడు రెండు చేతులూ విడివిడిగా కొలుస్తాను. మామూలుగా ఏ టైలరూ కొలవదు, ఒక చెయ్యి కొలిచి రెండో చేతికీ అదే కత్తిరిస్తాం. ఆచంట నుంచి వచ్చే ఒకావిడకి ఆపరేషన్ అయిన వైపు చెయ్యి, పాత జాకెట్టు కొలత కంటే ముప్పావు అంగుళం పెరిగింది. రెండో చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆవిడకి నొప్పి లేదు, గాజులు బిగుసుకుంటున్నాయని మాత్రం అంది. ఆ రోజే కాగితం మీద రెండు కొలతలూ రాసిచ్చి డాక్టరుకి చూపించమని చెప్పాను. చంకలో గడ్డలు (లింఫ్ గ్రంథులు) తీసేసినవాళ్లకి చేతిలో నీరు నిలిచి వాపు రావచ్చు, రెండు చేతుల మధ్య 2 సెంటీమీటర్ల తేడా వస్తే పట్టించుకోవాలని ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందట. ఇప్పుడు ఆవిడ బిగుతు తొడుగు వేసుకుంటోంది, రోజూ గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం చేస్తోంది. వాపు పెరగలేదు. అప్పటి నుంచి పీసు కోసం వచ్చే ప్రతి ఒక్కరి చేతి కొలతలూ తారీఖు వేసి పుస్తకంలో రాస్తున్నాను. ఈ ఊళ్లో టైలర్లందరూ ఇలా చేస్తే బాగుండు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది రంగుకీ ఆరడానికీ.

అల్లించుకునేవాళ్లు కొలత ఇలా ఇవ్వండి. బ్రా నంబరు ఒక్కటే చెబితే చాలదు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. రోజూ వేసుకునే బ్రా వేసుకుని, ఉన్న వైపు రొమ్ముని నడి ఛాతీ నుంచి చంక దాకా టేపు వదులుగా పట్టి అడ్డంగా కొలవండి. తర్వాత కింది ఎలాస్టిక్ నుంచి పై అంచు దాకా నిలువుగా. రెండు అంకెలూ, కప్పు సైజూ, ఏ వైపో రాసి పంపండి. రెండు వైపులా తీసినవాళ్లు మీకు నచ్చిన సైజు చెప్పొచ్చు, పాత సైజే ఉండాలని లేదు. పీసు రాగానే ఒకసారి ఉతికి, ఆరాకే పెట్టుకోండి. దూది ఎక్కువైందనిపిస్తే వారం పాటు ఓపిక పట్టండి, ఒంటి వేడికి కాస్త అణుగుతుంది. అప్పటికీ ఎత్తుగా ఉంటే బొందు విప్పి చిటికెడు చొప్పున తీసి చూసుకోండి. తీసిన దూది పారేయకండి, కొన్నాళ్లకి మళ్లీ అవసరం పడుతుంది.