నెత్తళ్ల వేపుడుతో స్పెయిన్ కావా

పోయిన శనివారం మా పెళ్లిరోజు. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి వస్తూ తమ్ముడు ఫ్రెషెనెట్ కోర్డన్ నెగ్రో బ్రూట్ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. రెండేళ్లు బార్సిలోనాలో ఉద్యోగం చేసి వచ్చినవాడు. నల్ల సీసా చూసి మా ఆయన "షాంపేనా?" అని అడిగారు. "కాదు బావా, కావా" అన్నాడు. కావా అంటే స్పెయిన్‌లో చేసే బుడగల వైన్.

అంతకుముందు కావా అంటే నాకు మంచి అభిప్రాయం లేదు. ఆరు నెలల క్రితం మా దగ్గర్లోని ఒక షాపులో వేరే రకం కొన్నాను. తెల్లగాజు సీసాని ఎన్నాళ్లనుంచో అద్దాల అరలో ట్యూబ్‌లైటు కింద నిలబెట్టారు. ఇంటికొచ్చి మూత తీస్తే ఉడికిన క్యాబేజీ వాసన. వెలుతురు తగిలితే ఈ వైన్‌కి అలాంటి వాసన పడుతుందని తమ్ముడు చెప్పాకే తెలిసింది. రెండు వేలు పైన పెట్టినందుకు చాలా బాధపడ్డాను. మీరు కొనేటప్పుడు అరలోది వద్దని, లోపల పెట్టెలోది తీసి ఇమ్మని అడగండి.

ఈ సీసా సంగతి వేరు. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాం. తీగ విప్పాక తమ్ముడు బిరడాని గట్టిగా పట్టుకుని, "అక్కా, బిరడా కాదు, సీసా తిప్పాలి" అని నెమ్మదిగా తిప్పాడు. చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు, అంతే. ఒక్క చుక్క కింద పడలేదు. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, వెనక కాస్త కాల్చిన రొట్టె వాసన. ఆ రొట్టె వాసన ఈస్ట్ నుంచి వస్తుందట. కావా రెండోసారి పులిసేది సీసాలోనే. కనీసం తొమ్మిది నెలలు ఆ ఈస్ట్ మడ్డి మీదే ఉండాలి. బార్సిలోనా దగ్గర సాంత్ సదుర్ని దనోయా అనే ఊళ్లో జుసెప్ రవెంతోస్ 1872లో ఈ పద్ధతిలో వైన్ చేశాడు. మా సీసాలో మకబేయో, షరెల్లో, పరెల్యాద అనే మూడు రకాల తెల్లద్రాక్షలు ఉన్నాయి, మూడూ అక్కడివే.

ఇక తిండి. శివాజీనగర్ రసెల్ మార్కెట్ నుంచి ఉదయమే నెత్తళ్లు తెచ్చాను. మాది నెల్లూరు, నెత్తళ్లు లేకుండా నాకు పండగ లేదు. ఉప్పు, పసుపు, మిరియాలపొడి, బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించి నిమ్మకాయ పిండాను. కారం వేయలేదు. తమ్ముడు ఒకటి నోట్లో వేసుకుని, స్పెయిన్‌లోనూ నెత్తళ్లని పిండిలో దొర్లించి వేయిస్తారని, బొకెరోనెస్ అంటారని చెప్పాడు. నూనె నాలుక మీద పొరలా ఆగేలోపు కావా పులుపూ బుడగలూ దాన్ని కడిగేస్తాయి. మళ్లీ మొదటి నెత్తలి తిన్నట్టే ఉంటుంది. పళ్లెం ఎలా ఖాళీ అయిందో తెలియలేదు. తర్వాత మసాలా వడలు, వేయించిన జీడిపప్పు కూడా అంతే బాగా కుదిరాయి.

గోంగూర మటన్‌తో మాత్రం కుదరలేదు. ఆ కారం మీద బుడగలు పడితే నాలుక ఇంకా మండింది, గోంగూర పులుపు ముందు కావా చప్పబడిపోయింది. మటన్ అన్నంలో కలుపుకుని, వైన్ పక్కన పెట్టేశాం. బొబ్బట్టుతో ఇంకా ఘోరం. బ్రూట్ అంటే లీటరుకి పన్నెండు గ్రాముల లోపే చక్కెర. బెల్లం తిన్న నోటికి అది వట్టి పుల్లనీళ్లు అనిపించింది. కావాలోనే కాస్త తియ్యటి రకం సెమీ సెకోలో చక్కెర 32 నుంచి 50 గ్రాముల వరకు ఉంటుంది కానీ, అదీ మన బొబ్బట్టు తీపికి చాలదని నా అభిప్రాయం. స్వీట్లు కాఫీతో తినండి, కావాని వేపుళ్లకి ఉంచండి.

సన్నటి పొడుగు గ్లాసులు మా ఇంట్లో లేవు, మామూలు వైన్ గ్లాసుల్లోనే తాగాం. వాసన బాగానే తెలిసింది.

వచ్చే నెల తమ్ముడు మళ్లీ బార్సిలోనా వెళ్తున్నాడు. ఈసారి బ్రూట్ నేచర్ తెమ్మన్నాను. అందులో చక్కెర మూడు గ్రాములు కూడా దాటదు. నెత్తళ్లకి అదే సరైనదని నా నమ్మకం.