నాలుగు బార్ మ్యాప్ సెన్సర్ ఎంపీఎక్స్‌హెచ్6400ఏ: ఏ బండికి పెట్టాలి, ఎలా సెట్ చేయాలి

ఇంజిన్‌కు గాలి చేరవేసే ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీడనాన్ని కొలిచి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూకి చెప్పేది మ్యాప్ సెన్సర్. సొంతంగా ట్యూన్ చేసుకునే స్పీడుయినో, మెగాస్క్విర్ట్ లాంటి ఈసీయూ బోర్డుల మీద ఎక్కువగా కనిపించే మ్యాప్ సెన్సర్ ఎంపీఎక్స్4250ఏపీ. నమ్మకమైన సెన్సరే, కాకపోతే దాని కొలత 20 నుంచి 250 కిలోపాస్కల్ వరకే. టర్బో సైజు పెరిగి బూస్ట్ (టర్బో ఎక్కించే అదనపు పీడనం) ఒకటిన్నర బార్ (150 కిలోపాస్కల్) దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ పడేది దీని అన్నలాంటి ఎంపీఎక్స్‌హెచ్6400ఏ మీద. ఒకప్పుడు ఫ్రీస్కేల్ పేరుతో వచ్చేది, తర్వాత ఎన్ఎక్స్‌పీ పేరుతో వచ్చింది. 20 నుంచి 400 కిలోపాస్కల్ దాకా కొలుస్తుంది. సెన్సర్ మంచిదే. కానీ పెద్దది పెడితే పోలా అని ప్రతి బండికీ తగిలించేది కాదు. పెట్టాక ఈసీయూలో రెండు అంకెలు మార్చి వదిలేసేది అసలే కాదు.

ముందు అవసరం ఉందో లేదో లెక్క చూడండి. మ్యాప్ సెన్సర్ కొలిచేది శూన్యం నుంచి లెక్కపెట్టిన పీడనం. డ్యాష్‌బోర్డు మీది బూస్ట్ గేజ్ చూపించేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువో అది. సముద్రమట్టం దగ్గర బయటి గాలే 101 కిలోపాస్కల్ ఉంటుంది. కాబట్టి 4250కి మిగిలే బూస్ట్ 149 కిలోపాస్కల్, అంటే 21 పీఎస్ఐ పైచిలుకు. 6400కైతే 299, దాదాపు 43 పీఎస్ఐ. గేజ్ మీద 1.2 బార్ దాటని బండికి 4250 హాయిగా సరిపోతుంది. బూస్ట్ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కూడా కొంత జాగా మిగులుతుంది. 1.3 దాటిందంటే సెన్సర్ మార్చాల్సిందే, ఎందుకంటే పరిమితి దాటాక 4250 వోల్టేజి ఇంకాస్త పైకెళ్లి అక్కడే ఆగిపోతుంది. మానిఫోల్డ్‌లో నిజంగా 285 ఉన్నా ఈసీయూకి 255 లాగే కనిపిస్తుంది. వచ్చిన గాలికి కావలసిన పెట్రోలులో పదో వంతు తగ్గిపోతుంది, ఇగ్నిషన్ టైమింగ్ కూడా తక్కువ లోడుకు రాసిందే పడుతుంది. డిటొనేషన్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఈసీయూ రికార్డు చేసిన లాగ్‌లో మ్యాప్ గీత కొండెక్కినట్టు కాక బల్లపరుపుగా కనిపిస్తే మీ సెన్సర్ నిండిపోయిందని అర్థం.

ఇక సెట్టింగ్. 5 వోల్టుల సరఫరా ఉన్నప్పుడు 6400 డేటాషీట్ సూత్రం ఇది: పీడనాన్ని 0.002421తో హెచ్చించి, అందులోంచి 0.00842 తీసేసి, మిగిలినదాన్ని సరఫరా వోల్టేజితో హెచ్చిస్తే అవుట్‌పుట్ వస్తుంది. దాన్ని తిరగేస్తే, ఈసీయూను సెట్ చేసే సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియోలోని ప్రెషర్ సెన్సర్ క్యాలిబ్రేషన్ పేజీ అడిగే రెండు అంకెలూ దొరుకుతాయి. 0 వోల్టుల దగ్గర 3.5, 5 వోల్టుల దగ్గర 416.5 కిలోపాస్కల్. దశాంశం తీసుకోని ఫర్మ్‌వేర్‌లో 3, 417 అని ఇవ్వండి, ఆ తేడా లెక్కలోకి రాదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 20, 400 అని టైప్ చేయడం. అవి సెన్సర్ కొలిచే హద్దులు. సెన్సర్ 20 దగ్గర 0.2 వోల్టు, 400 దగ్గర 4.8 వోల్టులు ఇస్తుంది. పేజీ అడుగుతున్నది 0, 5 వోల్టుల దగ్గరి విలువలు. 4250కి ఇవే అంకెలు 10, 260.

సెన్సర్ మార్చి సెట్టింగ్ మరిచిపోతే ఏమవుతుందో కూడా అంకెల్లోనే చూడండి. 6400 పెట్టి 10, 260 అలాగే వదిలేస్తే, ఇంజిన్ ఆపి కీ ఆన్ చేసినప్పుడు 101 బదులు 69 కనిపిస్తుంది. అది చూసి ఎవరైనా పట్టుకుంటారు. అదే బూస్ట్‌లో నిజమైన 250 కాస్తా 159గా మారుతుంది. బండి స్టార్ట్ కావడమే కష్టం కాబట్టి అంతదూరం వెళ్లకపోవచ్చు. అసలు ప్రమాదం సగం తప్పు సెట్టింగ్‌తోనే. బయటి గాలి దగ్గర దాదాపు సరిగ్గా చూపించి, పైకి వెళ్లేకొద్దీ తక్కువ చూపించే సెట్టింగ్‌తో ఐడిల్ బాగుంటుంది, క్రూజ్ బాగుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ పోతుంది. పాత ట్యూన్ ఫైల్ మళ్లీ లోడ్ చేసినప్పుడు క్యాలిబ్రేషన్ కూడా పాతది వచ్చి కూర్చోవచ్చు. ఫైల్ మార్చిన ప్రతిసారీ ఆ పేజీ ఒకసారి తెరిచి చూడండి.

అందుకే కీ ఆన్ చేసి 100 కనిపించగానే సరేననుకోకూడదు. కనీసం మూడు చోట్ల కొలవాలి. చేతి వాక్యూమ్ పంపు, ప్రెషర్ గేజ్ ఉన్న చేతి పంపు, మల్టీమీటర్ ఉంటే చాలు. మొదట బయటి గాలి. వాతావరణ వార్తల్లో చెప్పే పీడనం సముద్రమట్టానికి సరిచేసినది, దాన్ని నేరుగా వాడకండి. వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్నవాళ్లకు నిజంగా ఉండేది సుమారు 90 మాత్రమే. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే అది చూపేది అక్కడి అసలు పీడనమే. తర్వాత హోస్‌కు వాక్యూమ్ పంపు తగిలించి 50 కిలోపాస్కల్ లాగండి. చివరగా పంపుతో 100, వీలైతే 200 కిలోపాస్కల్ ఎక్కించండి. గేజ్ అంకెకు ఆ రోజు బయటి పీడనం కలపాలి, వాక్యూమ్‌కైతే బయటి పీడనంలోంచి గేజ్ అంకెను తీసేయాలి. అలా వచ్చిన పీడనాన్ని బట్టి సెన్సర్ అవుట్‌పుట్ కాలు మీద 50 దగ్గర 0.56, 100 దగ్గర 1.17, 200 దగ్గర 2.38, 300 దగ్గర 3.59 వోల్టులు రావాలి.

ఫలితం తప్పితే, తప్పిన తీరే కారణం చెబుతుంది. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే గ్రౌండ్ సమస్య. పైకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే 5 వోల్టుల దగ్గరి అంకె తప్పు, లేదా సెన్సర్ సరఫరా, ఈసీయూ రిఫరెన్స్ రెండూ వేరువేరు రెగ్యులేటర్ల నుంచి వస్తున్నాయి. ఈ సెన్సర్ అవుట్‌పుట్ సరఫరాకు అనుపాతంలో ఉంటుంది కాబట్టి రెండూ ఒకే 5 వోల్టుల నుంచి వస్తే సరఫరా కాస్త అటూఇటూ అయినా లెక్క చెడదు. వేరైతే 3 శాతం తేడా 3 శాతంగానే మ్యాప్ రీడింగ్‌లోకి దిగుతుంది. వోల్టేజి సరిగ్గా వచ్చి అంకె నెమ్మదిగా జారుతుంటే హోస్ లీకవుతోంది.

6400లో మనం వదులుకునేది సూక్ష్మత. వోల్టేజిని 1024 మెట్లుగా చదివే పది బిట్ల స్పీడుయినో బోర్డులో 4250కి ఒక్కో మెట్టు పావు కిలోపాస్కల్, 6400కి 0.4. ఐడిల్‌లో 35 కిలోపాస్కల్ ఉంటే ఒక మెట్టే ఒక శాతం దాటుతుంది. డేటాషీట్ హామీ ఇచ్చే ఖచ్చితత్వం రెంటికీ 1.5 శాతమే, కానీ అది మొత్తం పరిధి మీద. 4250కి ±3.45, 6400కి ±5.7 కిలోపాస్కల్. ఇవి 0 నుంచి 85 డిగ్రీల మధ్యే. ఒక్కో మిల్లీవోల్టు విలువ కూడా ఎక్కువ: గ్రౌండ్‌లో 50 మిల్లీవోల్టులు తేడా వస్తే 4250లో 2.5, 6400లో 4 కిలోపాస్కల్ పోతాయి. పెద్ద క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేసి ఐడిల్ వాక్యూమ్ ఇప్పటికే ఊగిసలాడే ఇంజిన్‌లో ఇది బాగా తెలుస్తుంది. తక్కువ బూస్ట్ బండికి 6400 వద్దనడానికి కారణం ఇదే.

బిగింపు. 4250 ఆరు కాళ్ల ప్యాకేజీ, 6400 ఎనిమిది కాళ్ల చిన్న సర్ఫేస్ మౌంట్. ఒకటి పీకి ఇంకోటి గుచ్చడం కుదరదు, అడాప్టర్ బోర్డు కావాలి. 6400లో 2వ కాలు సరఫరా, 3 గ్రౌండ్, 4 అవుట్‌పుట్, మిగతావి ఖాళీ. వాటిని దేనికీ కలపకండి. సరఫరా మీద 100 నానోఫారడ్, అవుట్‌పుట్ మీద 47 పికోఫారడ్ కెపాసిటర్లు డేటాషీట్‌లో ఉన్నవే, వాటిని వదిలేస్తే ఇగ్నిషన్ నాయిస్ మ్యాప్ గీతలో ముళ్లలా కనిపిస్తుంది. గ్రౌండ్ ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కే వెళ్లాలి, బాడీకి కాదు.

హోస్ థ్రాటిల్ తర్వాత, ప్లీనం (అన్ని సిలిండర్లకూ గాలి పంచే పెట్టె) నుంచి తీసుకోండి. ఒక్క సిలిండర్‌కు వెళ్లే గొట్టం (రన్నర్) నుంచి తీస్తే పల్స్‌లు ఎక్కువ. బ్రేక్ బూస్టర్‌తో, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌తో, బ్లో ఆఫ్ వాల్వ్‌తో పంచుకోకండి. సెన్సర్ మానిఫోల్డ్ కంటే ఎత్తులో ఉండాలి, అప్పుడే గొట్టంలో చేరిన ఆయిల్, పెట్రోలు వెనక్కి జారతాయి. రెండు చివరలా క్లిప్ తప్పనిసరి. బూస్ట్‌లో హోస్ ఊడిపోతే ఈసీయూకి కనిపించేది బయటి గాలి, ఇంజిన్‌లోకి పోతున్నది రెండింతలు.

సాఫ్ట్‌వేర్ పని ఇంకా మిగిలే ఉంది. పెట్రోలు, టైమింగ్ టేబుల్స్ కిలోపాస్కల్‌లో ఉంటే 250 లోపు గడులు అలాగే పనికొస్తాయి, పై వరుసలే కొత్తగా రాయాలి. 16 వరుసలున్న టేబుల్‌ను 300 దాకా సమానంగా సాగదీస్తే ఐడిల్, క్రూజ్ గడులు పలచబడతాయి. కింద దగ్గరగా, పైన దూరంగా పెట్టుకోండి. పెట్రోలు లెక్కను మ్యాప్‌తో హెచ్చించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే 300 వరుసలో 250 వరుస వీఈ (సిలిండర్ ఎంత నిండుతుందో చెప్పే శాతం) అంకెలతోనే, కాస్త రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) మొదలుపెట్టొచ్చు. ఆఫ్‌లో ఉంటే 1.2తో హెచ్చించాలి. టైమింగ్ టేబుల్ పై వరుసల్లో ముందే వెనక్కి తగ్గించి రాసుకోండి. ఇంజెక్టర్ల సంగతి మాత్రం మరిచిపోకండి: 250 దగ్గర డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 80 శాతం ఉంటే 300 దగ్గర 96 అవుతుంది. సెన్సర్ చూడగలిగినంత మాత్రాన ఇంజెక్టర్లు పోయలేవు. బూస్ట్ కట్ (బూస్ట్ దాటితే పెట్రోలో స్పార్కో ఆపే హద్దు) టార్గెట్‌కు 15, 20 కిలోపాస్కల్ పైన, సెన్సర్ పైకప్పుకు చాలా కింద ఉండాలి. టార్గెట్ 280 అయితే 300. ఎత్తైన ప్రాంతంలో గేజ్ మీద ఒక బార్ అంటే మ్యాప్‌లో 190 మాత్రమే. అందుకని ఈ అంకెలన్నీ ఈసీయూ కొలిచే పీడనంలోనే పెట్టుకోవాలి, గేజ్ చూసి కాదు.

కీ ఆన్ చేయగానే వచ్చిన మ్యాప్ రీడింగ్‌నే బయటి పీడనంగా వాడే సెటప్‌లో, నడుస్తుండగా ఈసీయూ రీసెట్ అయితే ఆ క్షణంలోని వాక్యూమో బూస్టో బయటి గాలిగా లెక్కలోకి వస్తుంది. బూస్ట్ బండికి విడిగా బయటి పీడనం కొలిచే బారో సెన్సర్ పెట్టడం మంచిది. మ్యాప్ రీడింగ్ తీసుకునే శాంప్లింగ్ పద్ధతుల్లో నాలుగు సిలిండర్లకు సైకిల్ యావరేజ్ (ఒక ఇంజిన్ సైకిల్ మొత్తం మీద సగటు) బాగా పనిచేస్తుంది.

కొనేటప్పుడు పార్ట్ నంబర్ చివరి అక్షరాలు చూడండి. ఏ6 అని ఉన్నదానికి హోస్ తగిలించే ముక్కు ఉండదు, ఒట్టి రంధ్రమే. మనకు కావలసింది ఏసీ6. మామూలు 6400కి పొడి గాలి తప్ప ఇంకేం తగిలినా పనితీరు చెడొచ్చని డేటాషీట్ చెబుతుంది, ఇంటేక్‌లోనేమో పెట్రోలు ఆవిరి ఉండనే ఉంటుంది. అదే సూత్రంతో, అవే అంకెలతో, ఆవిర్లను తట్టుకునేలా చేసిన ఎంపీఎక్స్‌హెచ్‌జెడ్6400ఏ దొరుకుతుంటే అదే తీసుకోండి.