ముత్తాతల జాడకు ఏది మేలు: అడంగలా, దస్తావేజా, పెద్దల నోటిమాటా?

వంశవృక్షం రాద్దామని కూర్చుంటే మన ఇళ్లలో కలం ఆగిపోయేది ముత్తాత దగ్గరే. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా నోటికి వస్తాయి. ఆ పైన ఎవరున్నారో చెప్పే దిక్కుండదు. ఇంగ్లండు వాళ్లలా పాత జనాభా లెక్కల కాగితాలు తిరగేద్దామంటే మనకు ఆ దారి లేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ఇంటింటి వివరాలను ఎవరికీ చూపించనివ్వదు. అందుకే గోదావరి డెల్టాలో ఈ పని మొదలుపెట్టినవాళ్లు నేరుగా తహసీల్దారు ఆఫీసుకు పోయి పాత అడంగల్ అడుగుతారు. నన్నడిగితే ముందు పోవాల్సింది రిజిస్టరైన దస్తావేజుల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు.

అడంగల్ తీరు వేరు. అది శిస్తు కోసం పుట్టిన పుస్తకం. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ పంట వేశారు, పట్టా ఎవరిది అన్నంతవరకే దాని పని. తాత పోయి ఇరవై ఏళ్లయినా శిస్తు కడుతున్నంత కాలం పట్టా ఆయన పేరు మీదే ఉండొచ్చు. అన్నదమ్ములు నలుగురుంటే పెద్దాయన పేరొక్కటే ఎక్కి, మిగతా ముగ్గురూ పుస్తకంలో పుట్టనట్టే ఉండిపోతారు. సంవత్సరం ఫసలీలో, అంటే జులైలో మొదలయ్యే శిస్తు సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. 1310 ఫసలీ అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా. పిఠాపురం లాంటి జమీందారీ గ్రామాలైతే ఇంకో చిక్కు: 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా రైతుల లెక్కలు జమీందారు కచేరీలోనే ఉండేవి. ఇక 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కరణంగారి ఇంటి అటక మీద ఉన్నవాటిలో ఎన్ని ఆఫీసుకు చేరాయన్నది ఊరిని బట్టి ఉంటుంది.

ఈ శిస్తు పుస్తకాలకో గొప్ప గుణం లేకపోలేదు. ఊరంతా ఒక్కచోట కనిపిస్తుంది. మీ ఇంటిపేరున్న పట్టాదారులు ఆ ఊళ్లో ఎందరో, ఎవరి చేను ఎవరి చేను పక్కనుందో శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఒక్కటి చూస్తే తెలుస్తుంది. పక్కపక్క సర్వే నంబర్లలో ఒకే ఇంటిపేరు కనిపిస్తే ఒకప్పుడు అది ఒకే కమతమై ఉండవచ్చని అనుమానించవచ్చు. రుజువు మాత్రం దస్తావేజులోనే దొరకాలి.

దస్తావేజు కుటుంబం గురించి మాట్లాడుతుంది. 'ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానా వారి కుమారుడు ఫలానా గారికి' అని మొదలయ్యే ఆ ఒక్క వాక్యంలో ఊరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ వచ్చేస్తాయి. మైనరు ఉంటే గార్డియను ఎవరో, ఆ పిల్లవాడికి ఏమవుతారో రాస్తారు. దత్తత వెళ్లినవాడైతే కన్నతండ్రి పేరు కూడా కొన్నింట్లో కనిపిస్తుంది. ఇంటిపేరు ఎందుకు మారిందో తెలియక తలపట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు. హద్దుల్లో తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అని వచ్చే పేర్లను వదిలేయకండి, అందులో సగం మంది దాయాదులే అయ్యుండొచ్చు. ఇక పంపకాల దస్తావేజు దొరికిందంటే ఓ తరం మొత్తం వాటాలతో సహా దొరికినట్టే.

నేను దస్తావేజు వైపు మొగ్గడానికి అసలు కారణం ఆడవాళ్లు. మన వంశవృక్షాలన్నీ మగవాళ్ల పేర్ల దండలు. ముత్తాత భార్య పేరేమిటి, ఏ ఊరి ఆడపడుచు అంటే జవాబుండదు. డెల్టాలో పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసివ్వడం ఎన్నో ఇళ్లలో ఉన్న ఆనవాయితీ. అలా వచ్చిన భూమిని తర్వాత ఆమె అమ్మినా, తనఖా పెట్టినా, మనవరాలికి దఖలు పరిచినా అది తనకెలా సంక్రమించిందో చెప్పాల్సి వచ్చేది. పుట్టిల్లు అక్కడ బయటపడుతుంది. అడంగల్‌లో వెతికి దొరకని ముత్తవ్వ ఓ క్రయ దస్తావేజు చివర వేలిముద్రతో కనిపించడం చిన్న విషయం కాదు.

దొరికించుకోవడం ఎలాగంటే, ఆన్‌లైన్ ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, 1983 నుంచే ఉంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పేర్ల ఇండెక్సు, ఆస్తుల ఇండెక్సు వెతికించాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల నకళ్లు రాసినవారు పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. లోటు కూడా చెప్పాలి. వంద రూపాయల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, భూమి స్వాధీనం చేస్తే సరిపోయేది. ఆ రోజుల్లో వంద రూపాయలంటే పెద్ద మొత్తం కనుక చిన్నకారు రైతుల లావాదేవీలు చాలా జారిపోయాయి. జిల్లా పేరూ చూసుకోండి: 1925కి ముందు కాగితంలో భీమవరం, నరసాపురం కృష్ణా జిల్లా కింద కనబడితే కంగారు పడక్కర్లేదు. తెలుగు సంవత్సరం ఒక్కటే వేసి ఉంటే మాత్రం జాగ్రత్త. రక్తాక్షి అంటే 1864 కావచ్చు, 1924 కావచ్చు.

మరి పెద్దల నోటిమాట? తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో వెంకన్న కొడుకు సుబ్బన్న, సుబ్బన్న కొడుకు మళ్లీ వెంకన్న. దస్తావేజులోని వెంకన్న ఎవరో కాగితం చెప్పదు. 'ఆయనా? కోటిపల్లి రేవు దాటి వచ్చిన పొడుగాయన' అని చెప్పగలిగేది మామ్మే. ఊరెందుకు వదిలారో, ఏ తగువుకు విడిపోయారో ఆవిడకే తెలుసు. తేదీలు అడిగితే మాత్రం తడబడతారు. ఏ పుష్కరాలకు ముందు పెళ్లయింది, ఏ తుఫానుకు ఇల్లు పడిపోయింది అని అడగండి, లెక్క కుదురుతుంది. మనవాళ్లు ఫలానా సంస్థానంలో దివాన్లు అన్న మాటను రాసుకోండి కానీ కాగితం దొరికేదాకా వృక్షంలోకి ఎక్కించకండి.

ఇదంతా భూమి ఉన్నవాళ్ల సంగతి. తరతరాలుగా పాలేర్లుగా, కూలీలుగా బతికిన కుటుంబాల గురించి అడంగలూ దస్తావేజూ రెండూ నోరు మెదపవు. వాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం దండగ. క్రైస్తవ కుటుంబమైతే చర్చి బాప్తిస్మపు రిజిస్టరు మేలు. నరసాపురం వైపు మిషనరీలు 1836లోనే వచ్చారు, రాజమండ్రి చుట్టూ లూథరన్ సంఘాలు పాతవి. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఉంటాయి. ఇంట్లో ఎవరైనా నేటాల్‌కో మారిషస్‌కో కూలికి వెళ్లారన్న మాట ఉంటే అది పెద్ద ఆధారం. ఒప్పందం మీద ఓడ ఎక్కినవారికి తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఒంటి మీది మచ్చలతో సహా నమోదు చేసేవారు. మారిషస్ పుస్తకాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కాకినాడ నుంచి రంగం (బర్మాలోని రంగూన్) పోయినవాళ్లకు అలాంటి ఒప్పంద పత్రాలు లేవు. అక్కడ మళ్లీ నోటిమాటే దిక్కు.

కాబట్టి ఎనభై దాటినవారు ఇంట్లో ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు చెప్పిన ఊళ్లు, పేర్లు పట్టుకుని దస్తావేజుల ఇండెక్సు వెతికించండి. అడంగల్ ఆఖరున, హద్దులు సరిచూసుకోవడానికి చాలు. నకలు తీసుకున్న ప్రతిసారీ దస్తావేజు నంబరు, సంవత్సరం, పుస్తకం నంబరు, ఏ ఆఫీసో నకలు వెనకే రాసిపెట్టుకోండి. అవి లేకపోతే మీ తర్వాత వెతికేవాళ్లు మళ్లీ మొదటి నుంచీ తిరగాల్సి వస్తుంది.